పిల్లలకు ప్యాడల్ రాకెట్ కొంటున్నారా? సైజు కాదు, గ్రాములు చూడండి

బషీర్‌బాగ్ వాళ్ళకు రాకెట్ ఆటలు కొత్త కాదు. 2005 ఫిబ్రవరి 12న ఎల్బీ టెన్నిస్ స్టేడియంలో జరిగిన హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో సానియా మీర్జా ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారత మహిళగా నిలిచారు. ఆ తర్వాత బ్యాడ్మింటన్ గాలి వీచింది, గల్లీ గల్లీలో షటిల్ ఎగిరింది. ఇప్పుడు ప్యాడల్ వంతు వచ్చింది.

కోర్టులు ఎక్కువగా గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపే ఉన్నా, ఆదివారం అక్కడ ఒక గంట ఆడి వచ్చిన పిల్లలు సోమవారం ఇంట్లో రాకెట్ కావాలని పట్టుబడుతున్నారు. ఈదీ డబ్బులు దాచుకున్న పిల్లలైతే బ్రాండ్ పేరు కూడా చెబుతున్నారు. అమ్మానాన్నలకు మాత్రం ఏం చూసి కొనాలో తెలియదు. క్రికెట్ బ్యాట్ అయితే పిల్లాడి ఎత్తు చెబితే చాలు, షాపువాడు సైజు 4 అనో సైజు 5 అనో తీసి ఇస్తాడు. టెన్నిస్‌లోనూ పిల్లలకు 19, 21, 23, 25 అంగుళాలు అంటూ మెట్లు ఉన్నాయి. ప్యాడల్‌లో అంత స్పష్టమైన కొలత లేదు. పెద్దల రాకెట్, పిల్లల రాకెట్ పక్కపక్కన పెడితే దూరం నుంచి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా చేతిలోకి తీసుకున్నాకే తెలుస్తుంది.

ముందు పేరు సంగతి

ప్యాడల్ వేరు, పికిల్‌బాల్ వేరు. పికిల్‌బాల్ ఆడే దాన్ని ‘ప్యాడిల్’ అంటారు కాబట్టి ఫోన్‌లో వెతికేటప్పుడు, షాపులో అడిగేటప్పుడు రెండూ కలిసిపోతున్నాయి. గుర్తుపట్టడం సులభమే. రంధ్రాలు బంతికి ఉంటే పికిల్‌బాల్, రాకెట్‌కు ఉంటే ప్యాడల్. పికిల్‌బాల్ బంతి గట్టి ప్లాస్టిక్‌ది. ప్యాడల్ బంతి చూడటానికి టెన్నిస్ బంతిలాగే ఉంటుంది, కాకపోతే లోపల గాలి ఒత్తిడి కాస్త తక్కువ.

ప్యాడల్ పుట్టింది మెక్సికోలోని అకపుల్కోలో. 1969లో ఎన్రికే కోర్కువెరా అనే ఆయన తన ఇంటి ఆవరణలో మొదలుపెట్టిన ఆట ఇది. తర్వాత స్పెయిన్ వెళ్ళి, అక్కడ పెద్దదై ప్రపంచమంతా పాకింది. కోర్టు పొడవు 20 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. చుట్టూ అద్దం గోడలు, జాలీ ఉంటాయి. ఇద్దరు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలబడి ఆడతారు. బంతి నేలను తాకి గోడకు కొట్టుకుని వచ్చినా ఆడవచ్చు. సర్వీసు నడుము ఎత్తుకు మించకుండా, కింది నుంచే చేయాలి. పాయింట్లు టెన్నిస్‌లాగే 15, 30, 40.

రాకెట్ ఎంపికకు ఈ నియమాలతో సంబంధం ఉంది. ఒక జట్టు కాపాడుకోవాల్సింది 10 మీటర్ల చదరం. అందులో ఒక్కో పిల్లాడి వాటా సగమే. సర్వీసుకు బలం అక్కర్లేదు. గట్టిగా కొట్టిన బంతి గోడకు తగిలి ఎదుటివాడికి ఇంకా తేలికగా అందుతుంది. అంటే ఆట నేర్చుకునే పిల్లలకు బలమిచ్చే రాకెట్ పెద్దగా ఉపయోగపడదు, చేయి అలిసిపోకుండా చెప్పినచోటికి బంతిని పంపే రాకెట్ కావాలి. షాపులో మెరుస్తూ గోడకు వేలాడేవి మాత్రం ఎక్కువగా బలమిచ్చేవే.

‘ఎదిగే పిల్లాడు’ లెక్క ఇక్కడ కుదరదు

పండుగకు బట్టలు కుట్టించేటప్పుడు దర్జీతో ప్రతి ఇంట్లో అనే మాటే, “ఎదిగే పిల్లాడు, కాస్త లూజుగానే ఉంచు భాయ్.” స్కూల్ బూట్లు కూడా ఒక నంబర్ పెద్దవే కొంటారు, ముందు దూది కుక్కుతారు. అది తప్పేం కాదు, మధ్యతరగతి ఇంటి తెలివి. షర్టు లూజైతే పిల్లాడికి పోయేదేమీ లేదు. రాకెట్ బరువైతే ఆ బరువు మోసేది మణికట్టు, మోచేయి, భుజం.

పెరిగే వయసు పిల్లల ఎముకల చివర్లలో మెత్తని భాగాలు ఉంటాయి, డాక్టర్లు గ్రోత్ ప్లేట్స్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెద్దవాళ్ళలో కండరానికో నరానికో పట్టేసే ఒత్తిడి పిల్లల్లో ఈ మెత్తని చోట పడుతుంది. ఒక్కసారి దెబ్బ తగలక్కర్లేదు, బరువైన దాన్ని వందలసార్లు ఊపితే చాలు. పైగా చెయ్యి మొయ్యలేనప్పుడు పిల్లలు నడుము వంచి, భుజం ఎగరేసి, మణికట్టు మెలితిప్పి కొట్టడం నేర్చుకుంటారు. తర్వాత తేలికైన రాకెట్ ఇచ్చినా ఆ అలవాటు అంత త్వరగా పోదు. కోచ్‌లు తల పట్టుకునేది దానికే.

బ్యాడ్మింటన్ ఆడే పిల్లల తల్లిదండ్రులు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. మామూలు బ్యాడ్మింటన్ రాకెట్ బరువు 80 నుంచి 90 గ్రాములు. ప్యాడల్‌లో పిల్లల రాకెట్టే దానికి మూడు రెట్లు ఉంటుంది. ‘మావాడు మూడేళ్ళుగా షటిల్ ఆడుతున్నాడు, చెయ్యి గట్టిది’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

ఎన్ని గ్రాములు?

పెద్దవాళ్ళ ప్యాడల్ రాకెట్లు ఎక్కువగా 350 నుంచి 375 గ్రాముల మధ్య ఉంటాయి. పిల్లల కోసం చేసేవి 250 దగ్గర మొదలై 340 దాకా వెళ్తాయి. వయసును బట్టి ఒక అంచనా వేసుకోవచ్చు. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకు 250 నుంచి 290 గ్రాములు, ఎనిమిది నుంచి పదకొండు దాకా 290 నుంచి 320, పన్నెండు పద్నాలుగు మధ్య 320 నుంచి 345. ఆ పైన పెద్దల రాకెట్లలో తేలికైనవి చూడొచ్చు.

ఇది శాసనం కాదు. పదేళ్ళ పిల్లల్లో 22 కిలోల పాప ఉంటుంది, 40 కిలోల బాబూ ఉంటాడు. ఇద్దరికీ ఒకే రాకెట్ ఎలా సరిపోతుంది? వయసు రెండు వరుసల మధ్య ఊగితే తేలికైనదే తీసుకోవాలి. తేలికైన రాకెట్ వల్ల మహా అయితే బంతి కొంచెం తక్కువ దూరం పోతుంది.

రాకెట్ మీదో కవర్ మీదో రాసిన బరువు కచ్చితం కాదు. 10 గ్రాములు అటూ ఇటూ ఉండటం మామూలే. చాలామంది కంపెనీల వాళ్ళు కూడా ఒక అంకె రాయకుండా 300-320 అని విస్తీర్ణం రాస్తారు. 300కీ 320కీ పెద్దలకు తేడా తెలియకపోవచ్చు, ఎనిమిదేళ్ళ చేతికి తెలుస్తుంది. కాబట్టి తూకం వేయించాలి. షాపులో కాటా లేదంటే పక్కన కిరాణా షాపులో ఉంటుంది, మిఠాయి షాపులో ఉంటుంది. రెండు నిమిషాల పని. అడగడానికి మొహమాటపడాల్సిందేమీ లేదు.

తూకం అయ్యాక పిల్లల చేతికి ఇచ్చి చూడాలి. రాకెట్ పిడి చివర పట్టుకుని చేతిని ముందుకు చాపి, భుజం ఎత్తులో నిలపమనాలి. ఇరవై లెక్కపెట్టే లోపు చెయ్యి వణికినా, మోచేయి కిందికి జారినా ఆ రాకెట్ బరువైనదే. తర్వాత గాలిలో పది పదిహేనుసార్లు రెండు వైపులా ఊపించాలి. మొదటి మూడు ఊపులు ఎవరైనా బాగానే ఊపుతారు, కొత్త వస్తువు మీద మోజు ఉంటుంది కదా. చూడాల్సింది చివరి మూడు. పిల్లలను ఇంట్లో వదిలి ‘సర్‌ప్రైజ్’ ఇద్దామని ఒక్కరే వెళ్ళి కొనే నాన్నలు ఈ ఆటకు మాత్రం అలా చేయకపోవడమే మంచిది.

బరువు ఎక్కడుంది?

రెండు రాకెట్లూ 300 గ్రాములే తూగినా ఒకటి తేలికగా, ఇంకొకటి బరువుగా అనిపించొచ్చు. సుత్తిని పిడి చివర పట్టుకుని ఊపండి, తర్వాత తిప్పి ఇనుము దగ్గర పట్టుకుని ఊపండి. వస్తువు అదే, బరువూ అదే, చేతికి మాత్రం వేరు. దీన్నే బ్యాలెన్స్ అంటారు. పిడి కింది చివర నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర రాకెట్ వేలి మీద సమంగా నిలబడుతుందో అదే దాని బ్యాలెన్స్. పూర్తి పొడవు రాకెట్‌లో 25 సెం.మీ. దగ్గర నిలిస్తే బరువు చేతి వైపు ఉందని, 27 దగ్గరికి వెళ్తే తల వైపు ఉందని అర్థం. పిల్లలకు చేతి వైపున్నదే కావాలి.

దీనికీ ఆకారానికీ చుట్టరికం ఉంది. ప్యాడల్ రాకెట్లు గుండ్రం, నీటిబొట్టు, డైమండ్ అని మూడు ఆకారాల్లో వస్తాయి. గుండ్రని దానిలో బరువు కిందికి, బంతి బాగా తగిలే చోటు మధ్యలో, విశాలంగా ఉంటుంది. డైమండ్‌లో బరువూ, ఆ చోటూ పైకి వెళ్తాయి. స్మాష్ కొట్టే పెద్దలకు అది పనికొస్తుంది, నేర్చుకునే పిల్లలకు బంతి పక్కకు తగిలి చెయ్యి అదురుతుంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు గుండ్రం తప్ప ఇంకోటి చూడక్కర్లేదు. నీటిబొట్టు ఆకారం కనీసం ఏడాది రెండేళ్ళు క్రమంగా ఆడాక.

నియమాల ప్రకారం రాకెట్ పొడవు 45.5 సెం.మీ., వెడల్పు 26 సెం.మీ., మందం 38 మి.మీ. మించకూడదు. పెద్దలవి ఆ మందం అంచుదాకా ఉంటాయి, పిల్లలవి సన్నగా ఉండి ఆ మేరకు బరువు తగ్గుతుంది. చిన్న పిల్లల రాకెట్లు పొడవులోనూ కొంచెం పొట్టిగా వస్తాయి.

18కె అంటే బంగారం కాదు

బషీర్‌బాగ్‌లో 18కె అనే మాట వినపడితే ఎవరికైనా నగల షాపే గుర్తొస్తుంది. రాకెట్ మీద 3కె, 12కె, 18కె అని రాసి ఉంటే మాత్రం అది కార్బన్ దారాల లెక్క. 3కె అంటే ఒక పోగులో మూడు వేల సన్నటి పోచలు, 18కె అంటే పద్దెనిమిది వేలు. అంకె పెరిగినకొద్దీ సరుకు నాణ్యత పెరుగుతుందనుకుంటే పొరపాటు, అది నేత పద్ధతి మాత్రమే. బంగారంలా కొలిచి డబ్బు పెట్టాల్సిన పని లేదు.

పిల్లలకు పైపొర కార్బన్ కంటే ఫైబర్‌గ్లాస్ ఉంటేనే నయం. కార్బన్ బిగుసుకుని ఉంటుంది, బంతిని పంపడానికి చేతి బలం కావాలి. ఫైబర్‌గ్లాస్ కాస్త వంగి బంతిని తనే తోస్తుంది. ధర కూడా తక్కువ. మంచి చేసేది చవగ్గా దొరకడం అరుదు, ఇది అలాంటి ఒక సందర్భం. పెద్ద రాకెట్ బొమ్మే వేసి ‘జూనియర్’ అని అమ్మే వాటిలో చాలావరకు లోపల ఫైబర్‌గ్లాసే ఉంటుంది, దానికి పిల్లలు చిన్నబుచ్చుకోవాల్సిన అవసరం లేదు.

లోపల ఉండేది ఈవీఏ అనే రబ్బరు లాంటి స్పాంజి, లేదా అంతకంటే మెత్తని ఫోమ్. సాఫ్ట్, మీడియం, హార్డ్ అని ఉంటాయి. సాఫ్ట్ అడగాలి. హార్డ్ రాకెట్‌తో బంతి మధ్యలో తగలకపోతే ఆ అదురు నేరుగా మోచేయికి వెళ్తుంది, పిల్లలకు పదిలో ఆరుసార్లు బంతి మధ్యలో తగలదు మరి.

పిడి, పట్టీ

పెద్దల ప్యాడల్ రాకెట్లలో పిడి మందం దాదాపు ఒకటే ఉంటుంది. సన్నగా ఉంటే పైన గ్రిప్ చుట్టి మందం చేసుకుంటారు. మందంగా ఉన్నదాన్ని సన్నగా చేయడం మాత్రం కష్టం. అందుకే చిన్న చేతులకు పిల్లల రాకెట్ కావాలి. పిడిని పట్టుకున్నప్పుడు వేళ్ళ చివరలకూ అరచేతికీ మధ్య ఇంకో చేతి చూపుడు వేలు దూరేంత సందు ఉంటే సరిపోయినట్టు. సందే లేకుండా వేళ్ళు అరచేతిని తాకుతుంటే ఒక గ్రిప్ చుట్టించాలి, వేళ్ళు మరీ దూరంగా ఉండిపోతే ఆ రాకెట్ వదిలేయాలి. గ్రిప్ కూడా ఐదారు గ్రాములు తూగుతుందని మరిచిపోవద్దు. అంచు గీసుకుపోకుండా తల మీద అతికించే ప్రొటెక్టర్ టేపు ఇంకా బరువు, పైగా ఆ బరువు తల వైపు చేరుతుంది. షాపువాడు ఉచితంగా అతికిస్తానన్నా పిల్లల రాకెట్‌కు వద్దనొచ్చు.

పిడి చివర ఉండే తాడు అలంకారం కాదు. దాన్ని మణికట్టుకు వేసుకోవడం ఆట నియమం. అద్దాల గదిలాంటి చోట నలుగురు పిల్లలు, చెమట పట్టిన చేతులు. జారిన రాకెట్ పక్కనున్న పిల్ల మొహానికి తగలడానికి క్షణం పట్టదు. తాడు లేని రాకెట్, తెగిపోయేలా ఉన్న తాడు ఉన్న రాకెట్ కొనకూడదు. వేసుకున్నాక రెండు చుట్లు తిప్పి బిగించడం మొదటి రోజే అలవాటు చేయాలి.

డబ్బు లెక్క

కోర్టుల్లో సాధారణంగా రాకెట్లు అద్దెకు దొరుకుతాయి. పిల్లలకు ఆట మీద మోజు ఎన్ని వారాలు ఉంటుందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి మొదటి ఐదారుసార్లు అద్దెకే ఆడించడం మేలు. అయితే అద్దె రాకెట్లు ఎక్కువగా పెద్దలవి. పిల్లలది ఉందా అని బుక్ చేసేటప్పుడే అడగాలి, లేదంటే గంట కాకుండా అరగంటే ఆడించాలి.

కొనాలని తేల్చుకున్నాక, ఒక చిన్న లెక్క. రాకెట్ రూ.4,000 అనుకుందాం. వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదికి వంద ఆటలు. ఒక్కో ఆటకు 40 రూపాయలు పడింది. అదే రూ.18,000 పెట్టి పెద్దల రాకెట్ కొంటే, ఐదేళ్ళు ఆడితే ఒక్కో ఆటకు 36 రూపాయలే కదా అని వాదించే నాన్నలు ఉంటారు. కాగితం మీద లాభమే. కానీ ప్యాడల్ రాకెట్ ఐదేళ్ళు నిలవదు. బ్యాడ్మింటన్ రాకెట్‌కు తీగ తెగితే గట్టింగ్ వేయించుకోవచ్చు. ప్యాడల్‌లో తీగలే లేవు. లోపలి స్పాంజి దెబ్బలు తిని తిని చచ్చిపోతుంది, క్రమంగా ఆడేవాళ్ళకు ఏడాది రెండేళ్ళలోనే. ఆలోపు పిల్లాడు ఆ 370 గ్రాములకు ఎదిగి ఉండడు. అంటే ఖరీదైనది చేతికి సరిపోయే రోజు వచ్చేసరికి దాని ఆయుష్షు తీరిపోయి ఉంటుంది.

డెకాథ్లాన్‌కు కుయ్‌క్మా పేరుతో సొంత ప్యాడల్ బ్రాండ్ ఉంది. హెడ్, బాబోలా, అడిడాస్, బుల్‌ప్యాడెల్, నాక్స్ వంటి కంపెనీలు కూడా పిల్లల రాకెట్లు చేస్తున్నాయి. ఆబిడ్స్, కోఠి వైపు స్పోర్ట్స్ షాపుల్లో క్రికెట్, షటిల్ సామానుదే రాజ్యం. ప్యాడల్ ప్రతి చోటా దొరకదు, దొరికినా జూనియర్ రాకెట్ అడిగి తెప్పించుకోవాల్సి రావచ్చు. వారం ఆగమంటే ఆగాలి, ఉన్నదాన్ని తీసుకెళ్ళమంటే వద్దు. బిల్లు తప్పకుండా తీసుకోవాలి, పగుళ్ళకు ఉండే వారంటీ బిల్లు లేకపోతే చెల్లదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి క్రీడా సామగ్రి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ అంకె కూడా చూసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొనడంలో తప్పు లేదు. పిల్లలు ఏడాదికే రాకెట్ దాటిపోతారు కాబట్టి మంచివే చేతులు మారతాయి. మూడు చూడాలి. రంధ్రాల చుట్టూ జుట్టు పోగంత గీతలున్నాయా, అంచు దగ్గర ఫ్రేమ్ నొక్కితే కదులుతోందా, వేలి గణుపుతో ముఖం మీద అక్కడక్కడా తడితే శబ్దం ఒకేలా వస్తోందా. ఒకచోట బోలుగా, ఇంకోచోట బద్దలైన కుండలా మోగితే లోపల పగిలినట్టే.

ఎండ, డిక్కీ

హైదరాబాద్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన కారులో, స్కూటీ డిక్కీలో వేడి ఇంకా ఎక్కువ. ఈవీఏ వేడికి మెత్తబడి ఆకారం, పట్టు కోల్పోతుంది. ఆట అయ్యాక రాకెట్ డిక్కీలో వదిలేసి మర్నాడు తీయడం దాన్ని చంపుకోవడమే. వర్షంలో తడిస్తే రంధ్రాల్లోంచి తేమ లోపలికి పోతుంది, పొడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి.

రాకెట్ కొన్న మొదటి నెల పిల్లలను గమనిస్తూ ఉండాలి. ఆడిన మర్నాడు పెన్సిల్ పట్టుకోవడానికి ఇబ్బంది పడుతున్నారా, స్కూల్ బ్యాగ్ ఇంకో భుజానికి మారుస్తున్నారా, మోచేయి లోపలి వైపు నొక్కితే అబ్బా అంటున్నారా. చాలామంది పిల్లలు నొప్పి ఉందని చెప్పరు, చెబితే ఆట మాన్పిస్తారని భయం. అలా కనిపిస్తే వారం ఆట ఆపి, తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించాలి. ఆ తర్వాత ఆడించినా 20 గ్రాములు తక్కువ రాకెట్‌తోనే.